రిపోర్టుల్లో కనబడని నొప్పి



మాది రెంటచింతల. ఈ పేరు చెప్పగానే కొత్తవారు మొదట అడిగేది ఎండల సంగతి. వేసవి వచ్చిందంటే రాష్ట్రంలో ఎక్కువ వేడి నమోదైన ఊళ్లతోపాటు మా ఊరి పేరు కూడా వార్తల్లో వినబడుతుంది. ఆ తరువాత కొందరు నవ్వుతూ, "రెంటచింతలా? ఆ రెండు చింతలేమిటి పాస్టరుగారూ?" అని అడుగుతారు. చాలాకాలం నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు చెప్పగలను. మా ఇంట్లో నాలుగేళ్లపాటు రెండు చింతలు కాపురమున్నాయి. ఒకటి నా భార్య ఒంటి నొప్పి. రెండోది, ఆ నొప్పిని ఎవరూ నమ్మకపోవడం. మొదటిది జబ్బు వల్ల వచ్చింది. రెండోది చాలావరకు నా వల్ల వచ్చింది.

ఆమె అనుమతితోనే ఈ సంగతులు వ్రాస్తున్నాను. "ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదు, వ్రాయండి" అని ఆమే అన్నది.

తొమ్మిదో రోజు

2019లో మొదలైంది. అప్పటికి ఆమెకు 38 ఏళ్లు. మొదట మెడ, భుజాలు నొప్పి అన్నది. తరువాత నడుము, తుంటి, మోకాళ్లు, చేతులు. తెల్లవారి లేచేసరికి రాత్రంతా మిరపకాయల బస్తాలు మోసినట్టు ఉండేదట. ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు ఉండేది కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోయేది. ఏం తిన్నా కడుపు ఉబ్బరం. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరైనా ప్రేమతో భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడేది.

రక్తపరీక్షలు చేయించాము. ఎక్స్‌రేలు తీయించాము. కీళ్లవాతం పరీక్ష కూడా అయింది. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. "ఏమీ లేదమ్మా, మనసుకు పెట్టుకోకు" అని ఒక డాక్టరుగారు పంపించివేశారు. ఊళ్లో సూదిమందు వేయిస్తే రెండు రోజులు హాయిగా ఉండి, మూడో రోజు నొప్పి తిరిగి వచ్చేది. సంఘంలో కొందరు, "అయ్యగారు అందరి కోసం ప్రార్థిస్తారు గాని ఇంట్లో అమ్మగారికే స్వస్థత లేదే!" అనుకోవడం నా చెవిన పడింది.

నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గును నేను ఆమె మీద దించాను. "నీలో విశ్వాసం తక్కువైంది" అన్నాను. 21 రోజుల ఉపవాసం పెట్టించాను. పగలంతా టీ నీళ్లు, సాయంకాలం ఒక్క పూట భోజనం. ఆమె ఎదురు చెప్పలేదు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నీళ్లబిందె దించుతూ వంటింట్లో కూలబడిపోయింది. ఆ రాత్రి 14 ఏళ్ల మా అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "నాన్నా, అమ్మ అబద్ధం చెబుతోందని అనుకుంటున్నావా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఏలీయా బదరీవృక్షము క్రింద పడుకొని చావు కోరుకున్న సంగతి మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. దేవదూత వచ్చి అతణ్ణి గద్దించలేదు. తిండి పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. లేపి మళ్లీ తిండి పెట్టాడు. మాటలు ఆ తరువాతనే. నేను ఇంట్లో దీన్ని తలక్రిందులు చేశాను. మాటలు ముందు చెప్పి, తిండి తీసివేశాను.

నొప్పికి ఒక పేరు

2023లో గుంటూరులో ఒక కీళ్ల వైద్యుని దగ్గరకు వెళ్లాము. ఆయన అరగంట కూర్చుని విన్నారు. మెడ దగ్గర, భుజాల మీద, మోచేతుల ప్రక్కన, మోకాళ్ల లోపలివైపు బొటనవేలితో నొక్కి చూశారు. పాత రిపోర్టులన్నీ తిప్పి, నా వైపు తిరిగి, "ఈమె నొప్పి నిజం. దీని పేరు ఫైబ్రోమయాల్జియా" అన్నారు. ఆ మాట విని నా భార్య ఏడ్చింది. జబ్బు ఉందని తెలిసి ఏడవలేదు. తన మాట నిజమని ఒకరన్నందుకు ఏడ్చింది.

ఈ జబ్బు కొత్తది కాదు. 1904లోనే ఇంగ్లండులో గోవర్స్ అనే వైద్యుడు దీనికి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు. వాపు ఏమీ లేదని తెలిశాక, 1976లో ఫైబ్రోమయాల్జియా అన్నారు. 1990లో అమెరికా కీళ్ల వైద్యుల సంఘం ఒంటిమీద 18 చోట్లు గుర్తించి, వాటిలో 11 చోట్ల నొక్కితే నొప్పి ఉండాలన్నది. 2010లో ఆ లెక్కను సవరించి, నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, అలసట, నిద్ర, మరుపు ఎంత బాధిస్తున్నాయి అన్నవి కూడా చూడాలన్నారు. మగవారికీ వస్తుంది గాని ఆడవారిలో ఎక్కువ.

అసలు జరిగేదేమిటి? మన మందిరంలో మైకు సెట్టు ఉంటుంది కదా. పాడేవారు మెల్లగానే పాడుతున్నా, ఆంప్లిఫయరు మీద మీట ఎక్కువ తిప్పితే చెవులు పగిలిపోతాయి. గాయకుణ్ణి ఎంత పరీక్షించినా తప్పు దొరకదు. ఫైబ్రోమయాల్జియాలో మెదడు, నరాలు నొప్పి సందేశాన్ని అలా హెచ్చు చేస్తాయి. అందుకే కండరం, ఎముక, రక్తం పరీక్షల్లో ఏమీ కనబడదు. ఇది ప్రాణం తీయదు, కీళ్లను వంకర చేయదు. అయితే బ్రతుకును బరువు చేస్తుంది.

మరి పరీక్షలు దేనికి? అదే విధంగా బాధించే వేరే జబ్బులు లేవని తేల్చుకోవడానికి. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, చక్కెర జబ్బు, బి12, డి విటమిన్ల లోపం, కీళ్లవాతం – ఇవన్నీ చూడాలి. చికున్‌గున్యా జ్వరం వచ్చి తగ్గాక కూడా నెలల తరబడి నొప్పులుండవచ్చు.

పల్నాడులో ముందు నీళ్లు చూడాలి

మన ప్రాంతంలో ఇంకొకటి తప్పక చూడాలి. అది నీటిలోని ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి వివరమైన నివేదిక 1937లో వచ్చింది. అది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మన తెలుగు పల్లెల గురించే. నల్లగొండ, కనిగిరి ప్రాంతాల బాధ అందరికీ తెలిసినదే. పల్నాడులో కూడా కొన్ని గ్రామాల బోరు నీటిలో ఇది ఎక్కువ. ఎముకలు వంగకముందే ఏళ్ల తరబడి మెడ, నడుము, కీళ్లు పట్టేసి నొప్పి పెడతాయి. తొలిదశలో ఎక్స్‌రేలో కూడా తెలియకపోవచ్చు. చిన్ననాటి నుండి ఆ నీళ్లు తాగినవారికి పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. 1.5 దాటకూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగంవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నీటిలో దోషముంటే ముందు నీళ్లు మార్చాలి. ఆ తరువాతే ఏ ఆహార నియమమైనా. మేమూ మా బోరు నీళ్లు పరీక్ష చేయించాము. హద్దులోనే ఉన్నవని తేలాకనే డాక్టరుగారు ఫైబ్రోమయాల్జియా అని వ్రాసి ఇచ్చారు.

మా ఊరి పేరులో ఉన్న చింత గురించి ఒక మంచి కబురు కూడా చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2002లో ప్రకటించిన పరిశోధనలో, బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇస్తే మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోయింది. ఇది మంచి నీటికి బదులు కాదు, తోడు మాత్రమే. అదే సంస్థ 1970లలో ఇంకో సంగతి గమనించింది. జొన్న తినేవారి ఒంట్లో, అన్నం తినేవారికంటే, ఫ్లోరైడు ఎక్కువగా నిలుస్తుంది. అందుకే ఫ్లోరైడు ఊళ్లలో ముందు నీళ్లు బాగుచేసుకొని, తరువాతే జొన్నరొట్టె మీద ఆధారపడాలి.

కంచంలో ఏం మార్చాము

ఒక మాట సూటిగా చెప్పనివ్వండి. ఫైబ్రోమయాల్జియాను పోగొట్టే పథ్యం ఏదీ లేదు. 2017లో యూరపు కీళ్ల వైద్యుల సమాఖ్య చికిత్సలన్నిటినీ తూచి, వ్యాయామం ఒక్కదానినే గట్టిగా సిఫారసు చేసింది. అయితే నొప్పిని ఎగదోసేవి కొన్ని ఉన్నాయి. నిద్రలేమి, రక్తహీనత, అధిక బరువు, కడుపు ఉబ్బరం, ఒంట్లో నీరు తగ్గడం. వీటిని కంచం ద్వారా కొంత సరిచేయవచ్చు. మీట పూర్తిగా కట్టివేయలేము గాని కొద్దిగా తగ్గించవచ్చు.

డాక్టరుగారి సలహాతో మా అమ్మాయి పాత లెక్కల నోటుబుక్కులో గీతలు గీసింది. ఏం తిన్నది, ఎన్ని గంటలకు, ఎంతసేపు నిద్ర, నొప్పి పదిలో ఎంత. రెండు నెలలు వ్రాశాక కొన్ని సంగతులు బయటపడ్డాయి.

మొదటిది ఉదయపు తిండి. పాస్టరు ఇంటికి పొద్దున్నే మనుషులు వస్తారు. వచ్చినవారికల్లా టీ కలుపుతూ, వారితోపాటు తానూ తాగుతూ 11 గంటల వరకు ఆమె ఏమీ తినేది కాదు. ఇప్పుడు 8 గంటలకల్లా పెసరట్టో, ఉడికించిన గుడ్డుతో జొన్నరవ్వ ఉప్మానో తింటుంది.

రెండోది అన్నం కుప్ప. శ్రీనాథుడు పల్నాడు వచ్చి ఇక్కడి జొన్నకూడు తినలేక చాటువులు చెప్పాడంటారు. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లు వచ్చాక మనకు వరి అన్నం దొరికింది. దానికి దేవునికి వందనాలు. కాని కంచం నిండా తెల్లన్నం, ప్రక్కన పచ్చడి ముద్ద, పైన పలుచని చారు – ఇదే భోజనమైపోయింది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం మన శక్తిలో 45 శాతానికి మించి ధాన్యాల నుండి రాకూడదు. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు 500 గ్రాములుండాలి. మేము అన్నం సగం తగ్గించి, ముద్దపప్పు, ఆకుకూర, పెరుగు పెంచాము. రాత్రిపూట జొన్నరొట్టె, కూర. ఏడాదిలో ఆమె 6 కిలోలు తగ్గింది. మోకాళ్ల మీద ఆ తేడా తెలిసింది.

మూడోది సున్నము, డి విటమిన్. ఇంత ఎండ కాసే ఊళ్లో డి విటమిన్ లోపమా అని నేను నవ్వాను. పరీక్షలో నిజంగానే తక్కువ వచ్చింది. ఆలోచించండి. మిరపతోటలోకి వెళ్లే మన ఆడవారు పూర్తి చేతుల చొక్కా వేసుకొని, తలకు తువ్వాలు చుట్టుకొని వెళతారు. ఇంట్లో ఉండేవారు ఎండకు భయపడి తలుపు వేసుకుంటారు. తిరుపతి వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో, ఆరోగ్యంగా కనబడే మన దక్షిణాదివారిలోనే డి విటమిన్ లోపం, భోజనంలో సున్నము తక్కువ అని తేలింది. డాక్టరుగారు వ్రాసినన్ని వారాలు మాత్రలు వాడాము. రాగిజావ, నువ్వుల పొడి, మునగాకు పప్పు, పెరుగు వంటింట్లోకి వచ్చాయి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉంటుంది. చలికాలంలో చేతులకు, ముఖానికి కాసేపు ఎండ తగలనిస్తాము. మే నెలలో మాత్రం మా ఊళ్లో ఆ సాహసం వద్దు, వడదెబ్బ తగులుతుంది.

నాలుగోది టీ. భోజనంతోపాటు టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. సాయంకాలం తాగితే నిద్ర చెడుతుంది. రోజుకు ఆరు టీలు రెండయ్యాయి. అవి కూడా భోజనానికి గంట దూరంలో, మధ్యాహ్నం 3 లోపు. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది. దాహం వేసేదాకా ఆగక నీళ్లు, పలుచని మజ్జిగ తాగుతుంది.

ఐదోది రాత్రి భోజనం. దీనిలో దోషం నాదే. ఇళ్లలో ప్రార్థనలు ముగించుకొని నేను వచ్చేసరికి రాత్రి 10 అయ్యేది. నా కోసం కాచుకొని అప్పుడు తిని, వెంటనే పడుకునేది. సంఘ పెద్దలతో మాట్లాడి ప్రార్థన కూడికలు సాయంకాలం 6.30కి మార్చాము. 8 గంటలకు భోజనం అయిపోతుంది. నోటుబుక్కులో అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించింది ఇదే.

నింద పడిన పదార్థాలు కూడా కొన్ని ఉన్నాయి. అందరూ కారం మానమన్నారు. పల్నాటి ఆడపడుచును కారం మానమనడం చిన్న విషయమా! రెండు వారాలు మానింది, నొప్పిలో తేడా లేదు, మళ్లీ తిన్నది, అప్పుడూ తేడా లేదు. కారం నిర్దోషి అని విడిచిపెట్టాము. శనగపిండి బజ్జీలు, పచ్చి ఉల్లిపాయ మానితే ఉబ్బరం తగ్గింది. బజారులో టేస్టింగ్ సాల్ట్ వేసిన ఫ్రైడ్ రైస్ తిన్న మరునాడు ఆమెకు బాగుండేది కాదు. ఆ ఉప్పు మీద జరిగిన చిన్న పరిశోధనలు ఒకదానితో ఒకటి పొసగవు. గనుక అది అందరికీ పడదని నేను చెప్పను. ఒక్కొక్క పదార్థాన్ని రెండేసి వారాలు మాని, మళ్లీ తిని చూడండి. ఒకేసారి పది మానితే ఏది కారణమో తెలియదు, ఒళ్లు మాత్రం క్షీణిస్తుంది.

వీటికి తోడు నడక. మొదట బడి మైదానంలో 10 నిమిషాలు. మరునాడు నొప్పి ఎక్కువైతే మానక, 5 నిమిషాలకు తగ్గించి సాగించాము. ఇప్పుడు అరగంట నడుస్తుంది.

జాగ్రత్తలు

ఆహారం మార్చామని మాత్రలు మానవద్దు. డాక్టరు చెప్పకుండా డి విటమిన్ సూదులు పదే పదే వేయించుకోవద్దు. ఎక్కువైతే రక్తంలో సున్నము పెరిగి మూత్రపిండాలకు చేటు. మూత్రపిండాల జబ్బు, చక్కెర జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడిగి తినాలి. కూడికల దగ్గర సర్వరోగ నివారిణి అని పొడులు అమ్మేవారిని నమ్మవద్దు. గుర్తులేని నొప్పిసూదులతో కడుపు, మూత్రపిండాలు పాడవుతాయి. బరువు కారణం లేకుండా తగ్గిపోవడం, జ్వరం, కీళ్ల వాపు, కాళ్లు చేతులు బలహీనపడటం ఉంటే అది ఫైబ్రోమయాల్జియా అనుకొని కూర్చోవద్దు. వెంటనే చూపించుకోవాలి.

ఉపవాస ప్రార్థన మంచిదే. కాని జబ్బుతో ఉన్నవారి చేత బలవంతంగా చేయించేది ఉపవాసం కాదు. మందు వాడటం అవిశ్వాసం అనేవారికి ఒక సంగతి గుర్తు చేస్తాను. మన పల్నాడులో సేవ చేసిన హేయర్ దొరగారు 1842లో మొదట గుంటూరు వచ్చారు. తిరిగి అమెరికా వెళ్లినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం చదువుకొని వచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టారు. మన పల్నాడుకు సువార్త మందులపెట్టెతో కలిసి వచ్చింది.

ఇంటివారికి

పైన చెప్పిన వాటిలో ఖరీదైనది ఏదీ లేదు. పెసలు, గుడ్లు, మునగాకు, రాగులు పాస్టరు జీతంలో దొరికేవే. కాని ఒకటి ఆలోచించండి. ఈ పథ్యమంతా ఎవరు వండాలి? చేతులు నొప్పి అంటున్న మనిషికే ఇంకో రెండు వంటకాలు అప్పగిస్తే, అది పథ్యం కాదు, ఇంకో భారం. మా ఇంట్లో ఇప్పుడు పెసరపప్పు నానబెట్టేది మా అమ్మాయి. పిండి రుబ్బేదీ, నీళ్లబిందె దించేదీ నేను. మొదటిసారి నేను చేసిన జొన్నరొట్టె మూడు ముక్కలైంది. ఆమె నవ్వి తిన్నది. ఆ వారం నోటుబుక్కులో నొప్పి అంకె కూడా కొంచెం తగ్గింది. అది రొట్టె మహిమ కాదని నాకు తెలుసు.

ఆమెకు పూర్తిగా నయం కాలేదు. మబ్బు పట్టిన రోజున, నిద్ర లేని రోజున నొప్పి ఇంకా వస్తుంది. ఒకప్పుడు పదిలో 8 ఉండేది, ఇప్పుడు చాలా రోజులు 4 దగ్గర నిలుస్తోంది. మళ్లీ స్త్రీల కూడికలో పాటలు పాడుతోంది. పాట అయ్యాక కూర్చోవడానికి కుర్చీ వేస్తే ఎవరూ చెవులు కొరుక్కోవడం లేదు. ఒక ఆదివారం ప్రసంగ వేదిక మీద నుండి నేను సంఘమంతటి యెదుట ఆమెను క్షమాపణ అడిగాను. అది అయ్యాక ముగ్గురు స్త్రీలు విడివిడిగా మా ఇంటికి వచ్చారు. ముగ్గురూ ఒకే మాట అన్నారు. "అయ్యగారూ, నాకూ అలాగే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు."

ప్రియ సహోదరులారా, మీ ఇంట్లో తల్లి గాని, భార్య గాని, కోడలు గాని ఒళ్లంతా నొప్పులంటే, రిపోర్టు వచ్చేదాకా ఆగకండి. ముందు నమ్మండి. తరువాత నీళ్లు పరీక్ష చేయించండి, వైద్యునికి చూపించండి, ఒక నోటుబుక్కు కొనండి. ఈ రాత్రి ఆమె కంటే ముందుగా లేచి కంచాలు పెట్టండి.